నాలుగవ పాము



నేటి ప్రసంగమునకు "నాలుగవ పాము" అని పేరుంచుటచే, ఇది యేదో పురాణకథ యనియో, విషవైద్యమును గుఱించిన యుపన్యాస మనియో మీలో కొందఱు తలంపవచ్చును. రెండును గావు. మూడు పాములను ఇంట పెంచుచున్న యొక బాలుడు నాలుగవ దానిని తెచ్చుకొనవచ్చునా, కూడదా యను ప్రశ్నయే నేటి విచారణకు విషయము. ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగును, కొంత సంస్కృతమును చెప్పి విశ్రాంతి గైకొన్న పండితునకు ఈ ప్రశ్నతో నేమి పని యని మీరడుగుదురు. ఆ బాలుడు నా దౌహిత్రుడు. తగవు తీర్చుమని నన్నడిగినది నా కుమార్తె. కాన నాకు తప్పించుకొనుటకు త్రోవ లేకపోయినది. తీర్పు చెప్పుటకై నేను తెలిసికొన్న సంగతులును, చేసిన యాలోచనయును పాములు పెంచని వారికిని పనికివచ్చునని తోచి, మీ ముందుంచుచున్నాను.

మన దేశమున పాము పేరు వినగానే మనసున రెండు భావములు పుట్టును. ఒకటి భయము, రెండవది భక్తి. భయమునకు కారణము లేకపోలేదు. 2000 మొదలు 2019 వఱకు గల కాలమున మన దేశమున పాముకాటుచే ఏటేట సగటున 58,000 మంది మృతినొందినట్లు 2020లో వెలువడిన యొక పరిశోధన తెలుపుచున్నది. చీకటిలో పొలమునకు నీరు పెట్టబోవు రైతునకు ఈ యంకె యెవరును చెప్పనక్కఱలేదు. భక్తి మాటకు వచ్చినచో, నాగుల చవితినాడు పుట్టకడకు బోయి చలిమిడియు చిమ్మిలియు నివేదించు తల్లులను మనమందఱము చూచినవారమే. భయపడుట యెఱుగుదుము, మ్రొక్కుట యెఱుగుదుము. కాని పామును ఇంటి పిల్లివలె పెంచుకొనుట మన సంప్రదాయమున లేదు.

మన చట్టమును అందుకు సమ్మతింపదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి, మన పొలములలోను అడవులలోను తిరుగు నాగుపామును గాని, కొండచిలువను గాని, జెఱ్ఱిపోతును గాని పట్టి తెచ్చి యింట నుంచుకొనుట నేరము. 2022లో ఈ చట్టము సవరింపబడి, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. అంతర్జాతీయపు టొడంబడిక జాబితాలలో చేరిన విదేశప్రాణులు తమ కడ నున్నవారు వానిని నమోదు చేయించుకొనవలెనని అందు విధింపబడినది. దానికి తగిన నియమములు 2024లో వెలువడినవి. ఇసుకనేలలలో నుండు సాధుజీవియగు రెండుతలల పామును ఇంట నుంచినచో ధనము వచ్చునని నమ్మించి అమ్మజూచు వారును, నమ్మి కొనబోవు వారును పట్టుబడిన వార్తలను మీరు పత్రికలలో చదివియుందురు. దానికి రెండు తలలు లేవు. తోక మొద్దుగా నుండి తలవలె కనబడును, అంతియే. ధనము వచ్చుట మాట యటుండ, చెరసాల వచ్చును. కాబట్టి నేను చెప్పబోవు కథ నడచినది మన దేశమున గాదని, దీనిని విని యెవ్వరును పొలము గట్టునకు గోనెసంచితో బయలుదేరరాదని ముందుగా మనవి చేయుచున్నాను.

అమెరికాలో రీతి వేఱు. అచ్చట విషము లేని పాములను పెంచుట యనేకులకు ప్రియమైన వినోదము. వానిని అమ్ము దుకాణములు గలవు. తరతరములుగా ఇండ్లలోనే పిల్లలు చేయించి, రంగురంగుల పాములను పుట్టించువారు గలరు. నా కుమార్తె కుటుంబము టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరమునకు చేరువ నున్నది. ఆమె కుమారుడు తన పదునొకండవ యేట, 2020లో, ఒక కార్న్ స్నేక్‌ను తెచ్చుకొనెను. అది ఆ దేశపు ఆగ్నేయభాగమున పుట్టు పాము. నారింజవన్నె మేనిపై ఎఱ్ఱని మచ్చలు గలది. మన జెఱ్ఱిపోతునకు దూరపు జ్ఞాతి. పిదప రెండేండ్లలో రెండు బాల్ పైథానులు వచ్చినవి. ఇవి పశ్చిమాఫ్రికా యందలి ఘనా, టోగో, బెనిన్ మొదలగు దేశముల కొండచిలువలు. మన కొండచిలువతో పోల్చిన చాల చిన్నవి. నాలుగైదడుగులకు మించి పెరుగుట యరుదు. భయము కలిగినపుడు తలను నడుమ దాచుకొని బంతివలె చుట్టుకొనును గనుక వానికి ఆ పేరు వచ్చినది. మన నిఘంటువులలో పామునకు "కుండలి" యని పేరున్నది గదా. ఆ పేరు దీనికి తగినట్లు మఱి దేనికిని తగదు.

2023లో నేను వారింట నాఱు నెలలుంటిని. మొదటి వారమున ఆ గది ద్వారమువంక చూడలేదు. రెండవ వారమున ద్వారబంధము కడ నిలిచితిని. నెల దాటిన పిమ్మట కుర్చీ వేయించుకొని లోపలనే కూర్చుండి భారతము చదువుకొంటిని. నన్ను లోనికి రప్పించినది పాములు గావు, మనుమని యొక నోటుపుస్తకము. ఏ పాము ఏనాడు తినెను, ఏనాడు కుబుసము విడిచెను, బరువెంత, పెట్టెలో వెచ్చని మూల ఎంత వేడి యున్నది, చల్లని మూల ఎంత యున్నది – ఇవన్నియు తేదీలతో గీతలు గీసి వ్రాసియుంచినాడు. చెప్పక చేయు పని యందు బాలుని శ్రద్ధ బయటపడునని నా బడియనుభవము. ఆ పుస్తకము చూచిన తరువాత ఇది కేవలము చాపల్యము గాదని గ్రహించితిని. ఈ మాట ముందే చెప్పుటకు కారణమున్నది. శ్రద్ధలేని బాలునకు వలదని చెప్పుట సులభము. శ్రద్ధ గలవానికి వలదని చెప్పవలసివచ్చినపుడే కారణములు గట్టిగా నుండవలెను.

గత సంవత్సరమున తగవు పుట్టినది. ఆ వీధిలో నొక కుటుంబమువారు దూరదేశమునకు తరలిపోవుచు, తాము ఎనిమిదేండ్లుగా పెంచిన బోవా యను పామును ఎవరికైన నిచ్చివేయ దలచిరి. బోవా మధ్య, దక్షిణ అమెరికాలలో పుట్టు పెద్ద పాము. ఇచ్చుటకు సిద్ధముగా నున్నది ఆఱడుగులు దాటినది. వెల లేదు. పెట్టెయు, దీపములును కూడ ఉచితమే. మనుమడు ఉప్పొంగిపోయెను. "తాతయ్యా, ఒక్కటే గదా! మూడింటికి చేయు పని నాలుగింటికి చేయుట యెంత?" యని వాడు. "నాన్నగారూ, మొదటి దానికిని ఒక్కటే గదా యన్నాడు, రెండవ దానికిని అన్నాడు. నాలుగైన పిమ్మట ఐదు వలదని యెవరు చెప్పగలరు? ఇంటిలో మూడేండ్ల పసిబిడ్డ యున్నది. మీరేమన్న నది చేయుదుము" అని నా కుమార్తె. అల్లుడు పెద్దమనిషి. రెండు ప్రక్కలను న్యాయమున్నదని చెప్పి యూరకుండెను.

నేను వెంటనే యేమియు చెప్పలేదు. వారము గడువడిగితిని. ఆ వారమున నాకు తోడు వచ్చినది మన పెద్దలు చెప్పిన యొక చిన్నమాట. "యోగక్షేమములు" అని మనము ప్రతి యుత్తరమునను వ్రాయుదుము. ఆ రెండు పదములకు పెద్దలు చెప్పిన యర్థము మఱచితిమి. లేనిదానిని సంపాదించుట యోగము. ఉన్నదానిని కాపాడుట క్షేమము. ఈ రెండును ఒకే త్రాటికి కట్టబడిన కావడికుండల వంటివి. ఒక దానిలో నీరు పోయుచు రెండవదానిని మఱచినచో కావడి మోయువాడు త్రోవలో కూలును. వస్తువులు కూర్చువాని మనసు సహజముగా యోగమువైపునకే మ్రొగ్గును. క్రొత్తది వచ్చినప్పటి యుత్సాహము పాతదానికి నీరు మార్చునపుడు రాదు. కాబట్టి, "ఇంకొకటి తెచ్చుకొందునా?" అను ప్రశ్నకు ముందు, "ఉన్నవాని క్షేమమునకు నేమి జరుగును?" అను ప్రశ్నను వేసికొనవలెనని నిశ్చయించుకొని, మనుమనికి ఐదు ప్రశ్నలు వ్రాసి పంపితిని. నాకు తెలిసినది నేను వ్రాయుదును, నీకు తెలిసినది నీవు వ్రాయుము, తరువాత కలిసి చూతమని చెప్పితిని.

మొదటి ప్రశ్న స్థలము. పాము చుట్టుకొని పడుకొనును గనుక దానికి జానెడు చోటు చాలునని తలచుట పొరపాటు. అది తన నిడివియంతయు చాచుటకు వీలుండవలెను. దాగుటకు వెచ్చని చోట నొకటి, చల్లని చోట నొకటి గుహలవంటి మాటులుండవలెను. "బిలేశయము" అను పేరు ఊరక రాలేదు. కలుగు లేని పాము నిరంతరము భయముతో బ్రదుకును. పాములను ఒక్కొక్క దానిని వేఱుగానే యుంచవలెను. బాల్ పైథాను పెట్టెకే నాలుగడుగుల నిడివి, రెండడుగుల వెడల్పు కావలసియుండగా, ఆఱడుగులు దాటిన బోవాకు అంతకంటె చాల పెద్దది కావలెను. అంతేగాక పాము తన యొంటివేడిని తాను పుట్టించుకొనలేదు. బాల్ పైథానునకు పెట్టెలో నొక మూల సుమారు 32 డిగ్రీల సెల్సియసు, మఱియొక మూల సుమారు 26 డిగ్రీలు ఉన్నచో, తనకు వలసిన వేడిని అదియే వెదకికొనును. ఈ వేడిని థర్మోస్టాట్ అను యంత్రము కనిపెట్టి యుండును. అనగా విద్యుత్తు ఆగినచో ప్రాణభయము. 2021 ఫిబ్రవరిలో టెక్సాసు రాష్ట్రమున మంచుతుపాను కొట్టి నలుబది లక్షలకు పైగా ఇండ్లలో దీపములారిపోయినవి. అప్పుడు మనుమనికి ఒక్క పామే. దానిని గుడ్డసంచిలో నుంచి, దుప్పట్ల నడుమ తన రొమ్మునకు చేర్చుకొని రెండు రాత్రులు కాపాడెను. "నాయనా, ఆ రాత్రి మఱల వచ్చినచో నాలుగింటిని, అందు ఆఱడుగుల దానిని, ఏ రొమ్మునకు చేర్చుకొందువు?" అని వ్రాసితిని. ఆ ప్రశ్నకు వాడు రెండు దినములు జవాబు వ్రాయలేదు.

రెండవది ఆహారము. "పవనాశనము", గాలిని తిని బ్రదుకునది, అని కోశకారులు పామునకు పేరిడిరి. బాల్ పైథాను ఒక్కొక్కప్పుడు నెలల తరబడి ఆహారము ముట్టక యుండి, బరువు పెద్దగా తగ్గకయే, ఒకనాడు మఱల తినసాగును. అది చూచిన వానికి ఆ పేరు వింతగా తోచదు. అయినను గాలి చాలదు. ఎలుకలే కావలెను. అచ్చట చంపి గడ్డకట్టించిన యెలుకలనమ్ముదురు. ప్రాణముతో నున్న యెలుకను పెట్టెలో విడిచినచో అది పామునే కొఱికి గాయపఱచును గనుక, వివేకము గలవారు గడ్డకట్టినదానిని కరగించి, వెచ్చజేసి, పటుకారుతో నందింతురు. పాము నడుము మందమును మించని యెలుక తగినది. పెద్ద పాముకు రెండు మూడు వారముల కొకటి, అంతకంటె నాలస్యముగానైనను చాలును. శాకాహారియగు నా కుమార్తె తన ఫ్రీజరులో నొక యఱను ఎలుకలకు విడిచిపెట్టినది. మాతృవాత్సల్యము ఎంత దూరము పోగలదో చూపుటకు నాకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకలేదు. బోవా వచ్చినచో ఎలుకల పరిమాణము పెరుగును, ఒక యఱ రెండఱలగును. ఈ ప్రశ్నకు జవాబు వ్రాయవలసినది నీవు గాదు, మీ యమ్మ, అని వానికి చెప్పితిని.

మూడవది కాలము. ఇదియే ముఖ్యము. కుక్క పదిపండ్రెండేండ్లు బ్రదుకును. కార్న్ స్నేక్ పెంపకమున పదునైదు ఇరువదేండ్లు బ్రదుకును. బాల్ పైథానులు, బోవాలు ఇరువది ముప్పదేండ్లును బ్రదుకగలవు. అమెరికాలోని సెయింట్ లూయిసు జంతుశాలకు 1961లో నొక గృహస్థుడు బాల్ పైథాను నొకదాని నిచ్చెను. ఆ యాడుపాము 2020 జులైలో ఏడు గ్రుడ్లు పెట్టినది. అప్పటికి దాని వయసు అఱువది దాటియుండునని అచ్చటివారి యంచనా. అది నా యీడుది! ఇచ్చిన గృహస్థుడు తన పాము అన్ని దశాబ్దములు బ్రదుకునని ఊహించియుండునా? పదునాఱేండ్ల బాలుడు పామును చేత బట్టుకొనునపుడు, తన నలుబదవ యేటికి మాట యిచ్చుచున్నాడని తెలిసికొనవలెను. రెండేండ్లలో వాడు విశ్వవిద్యాలయమునకు పోవును. అచ్చటి విద్యార్థి వసతులలో పాములనుంచ నిచ్చుట యరుదు. అప్పుడు ఈ మూడింటిని చూచువారెవరు? నాలుగవదాని మాట తరువాత.

నాలుగవది ఆరోగ్యము. క్రొత్తగా వచ్చు పాము వెంట కంటికి కనబడీ కనబడని నల్లని సూక్ష్మకీటకములు రావచ్చును. అవి పొలుసుల సందులలో దాగి నెత్తురు పీల్చి, ఒక పెట్టె నుండి మఱియొక పెట్టెకు ప్రాకును. కాబట్టి క్రొత్తదానిని రెండు మూడు నెలలు వేఱు గదిలో నుంచి, పాతవానికి ఉపచారము ముగించిన పిమ్మటనే దానిని ముట్టవలెనని అనుభవజ్ఞుల నియమము. ఇది యందఱికిని తెలిసినదే. కాని మఱియొక సంగతి యున్నది. బోవాలకును, పైథానులకును సోకు నొక ప్రాణాంతక వ్యాధి గలదు. దాని మూలము ఒక జాతి వైరసులని 2012లో బయటపడినది. బోవాలలో నిది కొన్నిటియందు ఏండ్ల తరబడి ఏ చిహ్నమును లేక దాగియుండును. పైథానులకు సోకినచో తఱచుగా నరములను దెబ్బతీసి, తల నిలుపలేని స్థితికి తెచ్చి, కొలదికాలములోనే చంపును. అనగా చూచుటకు నిండు ఆరోగ్యముతో నున్న బోవా, ఏ పాపము నెఱుగకయే, ప్రక్క పెట్టెలోని పైథానులకు మృత్యువును తేగలదు. రక్తము పరీక్ష చేయింపవచ్చును. ఒకమాఱు లేదని తేలినను కొంతకాలమునకు మఱల చేయింపవలెను. అంతవఱకు వేఱు గది కావలెను. ఆ యింట వేఱు గది లేదు.

ఆరోగ్యమున మనుష్యుల భాగమును ఉన్నది. పాము, తాబేలు, బల్లి మొదలగు ప్రాణుల ప్రేగులలో సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండుట సామాన్యము. వానికి హాని లేకున్నను పసిబిడ్డలకు తీవ్రమైన జ్వరవిరేచనములు కలిగించును. ఐదేండ్లు నిండని పిల్లలు ఇట్టి ప్రాణులను ముట్టరాదనియు, వాని పాత్రలను వంటయింట కడుగరాదనియు ఆ దేశపు ఆరోగ్యశాఖవారు హెచ్చరించుచున్నారు. ఈ కారణమున 1975లోనే నాలుగంగుళములకు లోబడిన తాబేళ్ళ విక్రయమును ఆ దేశమున నిషేధించిరి. మూడు పెట్టెలకు తాళములు వేసి, చేతులు కడుగు నియమమును మనుమడు చక్కగా పాటించుచున్నాడు. కాని ఆఱడుగులు దాటిన బలమైన పామును ఒంటరిగా పట్టుకొనరాదు, తోడొకరుండవలెనని తెలిసినవారందురు. ఆ తోడు ఎవరు? మూడేండ్ల చెల్లెలు గాదు గదా!

ఐదవ ప్రశ్న: మనము వలదన్నచో ఆ పాము గతి యేమి? ఈ ప్రశ్న న్యాయముగా వాని పక్షమున నున్నది. పెంచలేనివారు పాములను అడవిలో విడిచినచో నేమగునో ఫ్లోరిడా రాష్ట్రము లోకమునకు చూపినది. మన ఆసియా ఖండపు బర్మా కొండచిలువలు పెంపుడు వ్యాపారము మూలమున అచ్చటికి చేరి, విడువబడియు, తప్పించుకొనియు, ఎవర్‌గ్లేడ్స్ అను చిత్తడినేలలలో స్థిరపడి పిల్లలు పెట్టినవి. 1997 తరువాత ఆ ప్రాంతపు రోడ్లపై కనబడు రకూనులు నూటికి 99 వంతులు తగ్గినట్లు 2012లో నొక పరిశోధన వెల్లడించినది. ఆ యేటనే అమెరికా ప్రభుత్వము ఆ జాతి కొండచిలువల దిగుమతిని నిషేధించినది. 2017లో ఆ పాములను పట్టుటకై మన పొరుగుననున్న తమిళనాటి ఇరుళ తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సదయ్యన్ అను నిద్దఱిని ఫ్లోరిడాకు పిలిపించిరి. బడిచదువు లేని యా యిద్దఱు, నేలపై జాడలు చూచి పాములను వెదకి పట్టి, అచ్చటివారి నాశ్చర్యపఱచిరి. 2023లో మన ప్రభుత్వము వారికి పద్మశ్రీ యిచ్చి గౌరవించినది. ఒకరు ముచ్చటపడి తెచ్చినదానిని పట్టుటకు మఱియొకరు సముద్రములు దాటవలసివచ్చెను.

వారము ముగిసినది. మనుమడు తన జవాబులు పంపెను. స్థలమునకు లెక్క వేసినాడు, చాలదని తానే తేల్చినాడు. కాని ఐదవ ప్రశ్నను పట్టుకొని నాతో వాదమునకు దిగెను. మొదట నన్నే పట్టుకొనెను. "తాతయ్యా, మీ యింట ఎన్ని పుస్తకములున్నవి? చదువనివి ఎన్ని? అయినను మీరు కొనుట మానలేదు గదా!" యనెను. నేను నవ్వి, "నాయనా, చదువని పుస్తకము బీరువాలో ఆకలిగొనదు. దానికి చలి వేయదు. నేను పోయిన తరువాత మఱియొకడు తీసి చదువుకొనును. పుస్తకము వేచియుండగలదు. ప్రాణి వేచియుండలేదు. కూర్పు అను మాట రెంటికిని ఒక్కటే యైనను, బాధ్యత ఒక్కటి గాదు" అంటిని.

అప్పుడు వాడన్న మాట గట్టిది. "అయితే దిక్కులేని ప్రాణి గుమ్మము ముందుకు వచ్చినపుడు కాదనుట ధర్మమా? శిబిచక్రవర్తి కథ మీరే గదా నాకు చెప్పితిరి!" అనెను. వాని కంఠమున తడి యుండెను. ఆ మాటకు నేను కొంతసేపు మౌనము వహించితిని. ఏలయన, దయను తప్పు పట్టి మాటాడుట గురువునకు తగదు. పిమ్మట నిట్లు చెప్పితిని: "శిబి పావురమును కాపాడుటకు తన తొడమాంసము కోసియిచ్చెను. తన్ను ముందే ఆశ్రయించియున్న మఱియొక పక్షి మాంసము కోసియీయలేదు. నీవు ఆ బోవాను తెచ్చినచో త్రాసులో నీ సుఖము మాత్రమే పెట్టుట గాదు. నీ రెండు పైథానుల ప్రాణమును, నీ చెల్లెలి యారోగ్యమును, మీ యమ్మ నిద్రను పెట్టుచున్నావు. అవి నీవి గావు. నీవు ఈయదగినది నీ శ్రమ, నీ కాలము. వానినిమ్ము. ఆ పామునకు తగిన ఇల్లు వెదకిపెట్టుము. అదియు శరణిచ్చుటయే."

శ్రోతలారా, వాడు వెంటనే సమ్మతించెనని చెప్పను. మూడు దినములు నాతో మాటాడలేదు. నాలుగవ నాడు పిలిచి, తానును తండ్రియు కలిసి ఆ ప్రాంతపు పాముల పెంపకదారుల సంఘము నొకదానిని విచారించితిమనియు, బోవాలనే పెంచుచు, పైథానులు లేని యొక అనుభవజ్ఞుడు దానిని తీసికొనుటకు ఒప్పుకొనెననియు చెప్పెను. తరలిపోవు కుటుంబమువారు పామును గుఱించి ఏమియు వ్రాసియుంచలేదు. మనుమడు వారిని కూర్చుండబెట్టి అడిగి, ఎనిమిదేండ్ల వృత్తాంతమును – ఏమి తినునది, ఎప్పుడు తినునది, దేనికి బెదరునది – తన పుస్తకమువంటి పుస్తకములో వ్రాసి పాముతో పంపెను. ఆ పాము వాని యింటికి రాలేదు. అయినను వాడు దానికి చేయవలసిన మేలు చేసెను.

తీర్పులో రెండవ భాగమును ఉన్నది. అది నాలుగవ పామును గుఱించినది గాదు, మొదటి మూడింటిని గుఱించినది. రాబోవు ఇరువదేండ్లకు వాని సంరక్షణ యెవరిదో ఒక కాగితముపై వ్రాయుడని కోరితిని. తల్లి, తండ్రి, కొడుకు కూర్చుండి వ్రాసిరి. వాడు చదువునకు పోయిన పిమ్మట తండ్రి ఆహారము పెట్టును, సెలవులలో వాడు వచ్చి పెట్టెలు పూర్తిగా శుభ్రపఱచును, చదువు ముగిసి తన యిల్లు తనకేర్పడిన నాడు మూడింటిని వెంట తీసికొనిపోవును. తల్లి వంతు వచ్చినపుడు ఆమె, "నేను వానిని ముట్టను. కాని రోజును రెండు పూటల థర్మోస్టాట్ అంకె చూచి వ్రాసియుంచెదను" అనినదట. పామును చూచి మంచమెక్కిన పిల్లను నేను ఎఱుగుదును గనుక, ఆ వాక్యము విలువ నాకు తెలియును.

ఇది పాములను గుఱించిన ప్రసంగమైనను, పాములతోనే ముగియునది గాదు. మన యిండ్లలో అక్వేరియములున్నవి, చిలుకలపై మోజున్నది, వీధికొక క్రొత్తజాతి కుక్క కనబడుచున్నది. ఆవులపై భక్తితో స్థలమునకు మించి గోవులను కట్టివేయువారు గలరు. ప్రాణులే గానక్కఱలేదు. ఒక సంఘము నిలుపలేక మఱియొక సంఘము పెట్టువారును, ఒక బడికి కప్పు వేయక రెండవ బడికి శంకుస్థాపన చేయువారును మనకు క్రొత్త గాదు. "ఇంకొకటి" అను మాట మిక్కిలి తీయనిది. అది పలుకునపుడు, ఉన్నవి మూగవైనచో, వాని పక్షమున మాటాడు వారుండరు. ఆ మాట మనమే వాని పక్షమున అడుగవలెను: చోటున్నదా, ఆహారమున్నదా, కాలమున్నదా, ఆరోగ్యమునకు భంగము లేదా, మనము కాదన్నచో దానికి మఱియొక మేలైన త్రోవ యున్నదా? ఈ ఐదింటికిని నిజమైన జవాబు చెప్పుకొని, ఇంటివారందఱును సమ్మతించిన పిమ్మట తెచ్చుకొన్న దానిని ఎవ్వరును కాదనరు. నా మనుమనికిని అదియే చెప్పితిని. నాలుగవ పాము ఎన్నటికిని వలదని గాదు, నీ యిల్లు నీకేర్పడి, ఈ ఐదు జవాబులును నీ చేత నున్ననాడు తెచ్చుకొమ్మని.

యోగమునకు ఉత్సాహము చాలును, క్షేమమునకు ఓర్పు కావలెను. మీ యిండ్లలోని మనుష్యులకును, మీ ప్రాపున నున్న మూగప్రాణులకును ఆ రెండును సమముగా లభించుగాక యని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.